తుఫాన్లు మొదలవ్వకముందే... కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు చూసుకోవాల్సినవి

వైజాగ్‌లో అక్టోబరు వస్తే తుఫాను భయమే కదా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లమీద చెట్లు. అందరూ పాలకీ నీళ్ళకీ తిప్పలు పడ్డారు గానీ కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి ఒక్క పూట మందు కూడా తప్పకూడదు. అందుకే కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే మందులు టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ సెప్టెంబరులోనే నెలకి సరిపడా తెచ్చిపెట్టుకోండి, అదీ రోజూ వాడే కంపెనీవే. షాపులో "మందు ఒకటేనండీ, ఇది తీస్కోండి" అంటారు, టాక్రోలిమస్ మాత్రం డాక్టర్ని అడక్కుండా మార్చొద్దు, రక్తంలో లెవెల్ అటూ ఇటూ అయిపోవచ్చు.

వానలు ముదరకముందే క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), యూరిన్, టాక్రో లెవెల్ (రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసేది) చేయించండి. రెండు పూటలా వేసుకునేవాళ్ళు రాత్రి మాత్రకి పన్నెండు గంటల తర్వాత, పొద్దున మాత్ర వేసుకోకముందే లెవెల్‌కి రక్తం ఇవ్వాలి. ఉద్దానం వైపు నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్ళు కొందరు మాత్ర వేసేసుకుని బయల్దేరతారు, ఇంక ఆ రిపోర్టుకి అర్థం ఉండదు, మాత్ర జేబులో పెట్టుకుని రండి బాబూ. ఇంకోటి, ల్యాబు కాగితం మీద నార్మల్ అని ఉందని ఊరుకోకండి, ఎప్పుడూ 0.9 ఉండే క్రియాటినిన్ 1.2 అయితే మీకది పెరిగినట్టే.

వానాకాలంలో అసలు గొడవంతా విరేచనాలతోనే. ఒంట్లో నీరు పోయి క్రియాటినిన్ పెరుగుతుంది, పైగా టాక్రో లెవెల్ కూడా పైకెళ్ళిపోతుంది, అది మళ్ళీ కిడ్నీకే దెబ్బ. పక్కింటావిడ ప్రేమగా కొబ్బరిబొండాం ఇస్తుంది, అందులో పొటాషియం ఎక్కువ, టాక్రోలిమస్ వాడేవాళ్ళకి అసలే పొటాషియం పెరుగుతుంటుంది కాబట్టి మీ రిపోర్టు చూసి డాక్టరు సరేనంటేనే తాగండి. సొంతంగా యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి టాక్రో లెవెల్‌ని బాగా పెంచేస్తాయి. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అస్సలొద్దు.

నీళ్ళు మరగబెట్టి తాగండి. వరదనీళ్ళలో కాళ్ళు పెట్టకండి, ఎలుకల జ్వరం అలాగే వస్తుంది. రోజూ బరువు, బీపీ రాసుకోండి. 100.4 జ్వరం వచ్చినా, ఒంటేలు తగ్గినా, కాళ్ళు వాచినా, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పనిపించినా తెల్లారేదాకా ఆగకండి, స్టెరాయిడ్ వాడేవాళ్ళకి జ్వరం పెద్దగా బయటపడదు కూడా.

ఫోన్ చార్జింగ్ అయిపోతే నంబర్లు కూడా దొరకవు, అందుకని డాక్టరు నంబరు, మందుల చీటీ జెరాక్సు, ఆఖరి రిపోర్టు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి, బీపీ మిషన్‌కి కొత్త బ్యాటరీలు కూడా ఆ కవర్లోనే పడేయండి.