పరిశ్రమ నడిపిన మేడమ్‌కి సన్మానం చేస్తున్నారా? అయితే ఇలా చేయండి

మన దగ్గర సన్మానం అంటే శాలువా, బొకే, మెమెంటో, నాలుగు స్పీచ్‌లు, భోజనాలు, అంతే. పాతికేళ్లు ఫ్యాక్టరీ నడిపి, వందమందికి జీతాలిచ్చి, ఊరి బడికి గదులు కట్టించి, పిల్లల కాలేజీ ఫీజులు కట్టిన ఆవిడకి అది సరిపోదండి. ఆవిడ చేసిన పని కాగితం మీదకి రావాలి, ఆవిడ పేరు మీద ఏదో ఒకటి ఏటేటా నడవాలి.

ముందు ఆవిడనే అడగండి. చేసిన సాయం బయటికి చెప్పుకోవడం కొందరికి ఇష్టముండదు. ఫీజు కట్టించుకున్న పిల్లల్ని స్టేజి ఎక్కించి మాట్లాడించడం మాత్రం అసలొద్దు, వాళ్లంతట వాళ్లు వస్తామంటే సరే.

తర్వాత ఫైలు. యూనిట్ ఏ సంవత్సరం రిజిస్టరైంది, మొదటి లోన్ ఎంత, ఇప్పుడు పీఎఫ్ ఉన్న వర్కర్లు ఎంతమంది, అందులో ఆడవాళ్లు ఎంతమంది, ఇవన్నీ కాగితాలు చూసి రాసుకోండి. ఆవిడ దగ్గర పని నేర్చుకుని బయటికెళ్లి సొంతంగా యూనిట్ పెట్టుకున్నవాళ్ల పేర్లు కూడా, ఇది ఎవరూ రాయరు కానీ నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. 1993లో మొదలైన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్‌నే చూడండి, హైదరాబాద్ గాజులరామారంలో ఆడవాళ్ల యూనిట్లకే ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్ తెచ్చుకున్నారు, అక్కడ ఒక్కరి విజయం లెక్క కాదు, పక్కన ఎన్ని షెడ్లు తెరుచుకున్నాయన్నదే లెక్క.

సన్మాన పత్రం దగ్గరే అందరూ తేలిపోతారు. "మహిళాలోకానికి ఆదర్శమూర్తి, మృదుస్వభావి, దానశీలి" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. దాని బదులు, ఉదాహరణకి, "ఆరుగురితో పచ్చళ్ల యూనిట్ మొదలుపెట్టారు, లాక్‌డౌన్‌లో ఆర్డర్లు ఆగినా ఒక్క జీతం ఆపలేదు" అని రాయండి, చదువుతుంటే ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు తలూపుతారు. అందుకే పత్రం రాసేముందు ఆ ప్యాకింగ్ సెక్షన్‌లోనే కూర్చుని ఓ గంట మాట్లాడండి, ఓనర్ ఆఫీసులో దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి.

ఈ ఫైలు ఉంటే పద్మ అవార్డుకి నామినేషన్ కూడా వేయొచ్చు, వాణిజ్యం-పరిశ్రమలు అనే విభాగమే ఉంది. ఎవరైనా వేయొచ్చు, పైరవీ అక్కర్లేదు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే, ఆవిడ చేసిన పని గురించి 800 పదాలు దాటకుండా రాయాలి. 2026 అవార్డులకి 2025 మార్చి 15నే తెరిచారు, కాబట్టి మార్చి నుంచే చూస్తూ ఉండండి. మామూలుగా చనిపోయాక ఇవ్వరు, అందుకే ఆలస్యం చేయొద్దు. లిజ్జత్ పాపడ్ 1959లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు, వాళ్లలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కి పద్మశ్రీ వచ్చింది 2021లో! మన హైదరాబాద్ భారత్ బయోటెక్ సుచిత్ర ఎల్ల గారికి, కృష్ణ ఎల్ల గారికి కలిపి 2022లో పద్మభూషణ్ ఇచ్చారు.

గౌరవ డాక్టరేట్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. డబ్బు కడితే హోటల్ హాల్లో గౌను వేసి డాక్టరేట్ చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీలకి, డీమ్డ్ యూనివర్సిటీలకి, పార్లమెంటు చట్టంతో ప్రత్యేకంగా ఆ అధికారం పొందిన సంస్థలకి మాత్రమే ఉంది. యూజీసీ సైట్‌లో నకిలీ యూనివర్సిటీల లిస్టు ఉంటుంది, ఒకసారి చూసుకోండి. జీవితమంతా నిజాయితీగా వ్యాపారం చేసిన మనిషి పేరు ముందు అలాంటి డాక్టర్ తగిలిస్తే అది అవమానమే. అసలైన యూనివర్సిటీ అయితే ప్రతిపాదన పాలక మండళ్లు ఒప్పుకోవాలి, టైమ్ పడుతుంది, ఓపిక పట్టాలి.

నన్నడిగితే దానికంటే ఆవిడ పేరు మీద కాలేజీలో ఒక నిధి పెట్టడం మంచిది. ఐదు లక్షలు పోగుచేసి ఎఫ్‌డీ వేస్తే ఏడు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 35 వేలు. అందరూ గోల్డ్ మెడల్ అంటారు, నేను హాస్టల్ మెస్ బిల్లు అంటాను. మెస్ బిల్లు బాకీ పడి హాల్ టికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే ఆడపిల్లలకి ఆ డబ్బు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఎంపిక చేస్తారు, ఒక ఏడు అర్హులు లేకపోతే ఏం చేయాలి, అన్నీ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి, లేకపోతే ప్రిన్సిపాల్ మారగానే మూలపడుతుంది. విరాళం ఇచ్చేవాళ్లు ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు ఉందా అని అడుగుతారు, ముందే కనుక్కుని పెట్టుకోండి.

ఇక స్టేజి మీద. బొట్టు, పసుపు కుంకుమ, పూలు ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడని ముందే అడగండి. భర్త పోయిన ఆవిడైతే "అవి వద్దులే" అని మీరే తీర్మానించేయడం తప్పు, నిర్ణయం ఆవిడదే. శాలువా ఎమ్మెల్యే గారి చేత కాకుండా ఆవిడతో ఎక్కువకాలం పనిచేసిన వర్కరమ్మ చేత కప్పించండి. ఆవిడకి మాట్లాడటానికి టైమ్ మొదట్లోనే ఇవ్వండి, అతిథుల స్పీచ్‌లన్నీ అయ్యేసరికి జనం భోజనాల దగ్గరికి లేచిపోతారు. ఫంక్షన్ అయ్యాక ఫైలు కాపీ ఒకటి ఆవిడకి, ఒకటి కాలేజీ లైబ్రరీకి, ఎఫ్‌డీ రసీదు జిరాక్స్ మాత్రం సన్మానం చేసే మీ అసోసియేషన్ దగ్గర.