ఇంటి స్పెక్ట్రమ్ ఎనలైజర్, 5వ పాఠం: ఏజీసీ కట్టిన మెట్లు

గత పాఠంలో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఎఫ్‌ఎం పట్టీలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ ఎంత బలంగా ఉందో గీసి పంపమన్నాను. రాయగడ, గుణుపూర్, జయపురం నుంచి వచ్చిన గీతల్లో చాలావాటికి అడుగున నాయిస్ చదునుగా ఉండక చెరువు గట్టు మెట్లలా ఎక్కుతూ దిగుతూ ఉంది. ఏజీసీని, అంటే సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే మోతాదును) తనంతట తానే మార్చే ఏర్పాటును, ఆపాలని ఒక్క వాక్యంలో చెప్పి దాటవేసిన తప్పు నాదే కనుక, ఈసారి చెప్పవలసిన ఫిల్టర్లను వాయిదా వేస్తున్నాను.

కంప్యూటర్‌కు తగిలించి సిగ్నల్ నుంచి సెకనుకు 24 లక్షల నమూనాలు తీసుకునే చిన్న రేడియో డాంగిల్‌కు ఒక్కసారికి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పే కనిపిస్తుంది కాబట్టి, 20 మెగాహెర్ట్జ్ పట్టీకి తొమ్మిది ముక్కలు అతకాలి. బలమైన స్టేషన్ ఉన్న ముక్కలో ఏజీసీ గెయిన్‌ను తగ్గిస్తుంది, ఖాళీ ముక్కలో పెంచుతుంది. సంతలో వర్తకుడు సరుకు మారినప్పుడల్లా చెప్పకుండా తూకపురాయి మార్చినట్టే. పాట వినడానికి అది మేలు, కొలవడానికి చేటు.

ఇక నన్ను విసిగించే చిక్కు. "ఆటో తీసేశాను, అయినా మెట్లు పోలేదు" అని రాసిన వారందరూ రెండింటిలో ఒక్కదాన్నే ఆపారు. డాంగిల్‌లో స్టేషన్‌ను పట్టే ఆర్820టి ట్యూనర్‌లో ఒక ఏజీసీ ఉంది. దాని వెనుక ఆర్‌టీఎల్2832యు చిప్‌లో మరొకటి ఉంది. సొంతంగా ప్రోగ్రాం రాసేవారు ట్యూనర్ గెయిన్ మోడ్‌కు 1, ఏజీసీ మోడ్‌కు 0 ఇవ్వాలి. మొదటిచోట 1 అంటే అదుపు మన చేతికి వచ్చినట్టు, రెండోచోట 1 అంటే యంత్రానికి అప్పగించినట్టు. రెండింటికీ 0 పెట్టినవారికీ, రెండింటికీ 1 పెట్టినవారికీ మెట్లు వచ్చాయంటే అందుకే. పైగా ప్రోగ్రాంలో గెయిన్‌ను డెసిబెల్‌లో పదో వంతుల లెక్కన ఇవ్వాలి: 29.7 కావాలంటే 297 అని రాయాలి, 29 అని రాస్తే అది 2.9గా చదువుకుంటుంది. నమూనాలను ఫైలుకెక్కించే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ ఆదేశంలోనైతే గెయిన్‌కు 0 ఇవ్వడమంటే కనిష్ఠం కాదు, ఆటో అని అర్థం.

గెయిన్ ఎంత ఉండాలి? నేను 29.7తో మొదలుపెట్టి కిందికి దిగుతాను, గరిష్ఠమైన 49.6 జోలికి పోను. సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఎనిమిది బిట్ల మార్పిడికి 256 స్థాయిలే కనుక, అతి చిన్న, అతి పెద్ద సిగ్నళ్ల నడుమ సిద్ధాంతరీత్యా దక్కే తేడా సుమారు 50 డెసిబెల్ మాత్రమే. పర్లాకిమిడిలో మా డాబా మీద ఒకసారి 49.6 పెట్టి చూస్తే, లేని స్టేషన్లు తుమ్మముళ్లలా లేచాయి. యాంటెనాకు, డాంగిల్‌కు నడుమ 10 డెసిబెల్ తగ్గించే ప్యాడ్ పెట్టాను. నిజమైన స్టేషన్లు పది తగ్గాయి; దొంగ ముళ్లు ముప్పై దాకా కుంగాయి. ఇవి బలమైన స్టేషన్లు ట్యూనర్‌లో ఒకదానితో ఒకటి కలిసి పుట్టించినవి. ఏజీసీ నడుస్తుంటే ఈ పరీక్ష సాగదు, ప్యాడ్ తగ్గించినదాన్ని అది మళ్లీ ఎత్తేస్తుంది.

ప్యాడ్‌కు 68 ఓముల రెసిస్టర్‌ను వరుసలో పెట్టి, దాని రెండు కొనల నుంచి నేలకు (గ్రౌండ్‌కు) చెరో 100 ఓములు వేయండి. కేబుల్ కొనలు కట్టడం మళ్లీ చెప్పను.

అభ్యాసం: ట్యూనర్‌కున్న 29 గెయిన్ విలువల్లోనూ పట్టీని ప్యాడ్‌తో ఒకసారి, ప్యాడ్ లేకుండా ఒకసారి గీసి, మొత్తం 58 గీతల్లో పదికి మించి తగ్గిన ప్రతి ముల్లునూ ఎర్ర సిరాతో చుట్టి పంపండి.