వరద తగ్గింది, పిల్లల భయం తగ్గలేదా?

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు చెన్నై వేళచ్చేరిలో మా గ్రౌండ్‌ఫ్లోర్ ఇంట్లోకి మోకాళ్లదాకా నీళ్లొచ్చాయి. ఇల్లు ఆరింది, గోడలకి సున్నం కూడా వేయించాం, కానీ మా ఆరేళ్ల పాప మాత్రం రోజూ పడుకోబోయే ముందు స్కూల్ బూట్లు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టమనేది. "వానే లేదు కదే" అని రెండుమూడుసార్లు కసిరాను. అనవసరంగా కసిరాను. బూట్లు పైనుంటే దానికి నిద్ర పడుతోందంటే పెట్టేస్తే సరిపోయేది. సంక్రాంతి దాటాక తనే మర్చిపోయింది.

పక్క తడపడం, మానేసిన వేలు మళ్లీ నోట్లో పెట్టుకోవడం, బాత్రూమ్‌కి కూడా అమ్మ కొంగు వదలకపోవడం, ఇవన్నీ కొన్నాళ్లుంటాయి. "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదా" అనకండి, దుప్పటి మార్చి ఊరుకోండి.

"నీళ్లు మళ్లీ వస్తాయా?" అనడిగితే "రావు" అని ఒట్టేయకండి, చెన్నైలో ఆ మాట ఎవరూ అనలేరు. నేనైతే "వస్తే పైన అత్తావాళ్లింటికి వెళ్దాం, టార్చ్ ఇదిగో ఇక్కడుంది, దాన్ని చూసుకునే పని నీదే" అన్నాను. వారానికోసారి బటన్ నొక్కి చూసేది.

ఏం జరిగిందో చెప్పమని కూర్చోబెట్టి అడగొద్దు, వాళ్లకి నోటికన్నా ఆటలో ముందొస్తుంది. మా పాప బొమ్మల్ని బకెట్లో ముంచేది, ఒక్కటీ పైకి తీసేది కాదు, చూస్తుంటే నాకే కడుపులో దేవినట్టయ్యేది. ఆపలేదు. 2015 వరదల్లో జాలర్లు సముద్రంలో తిప్పే పడవల్నే వీధుల్లోకి తెచ్చి జనాన్ని ఎక్కించుకెళ్లారని చెప్పి, సబ్బుపెట్టె ఒకటి చేతికిచ్చాను. రెండ్రోజులు దాన్ని పట్టించుకోలేదు, తర్వాత ఒక్కో బొమ్మనీ అందులోకెక్కించింది.

టీవీ కట్టేయండి. చిన్నపిల్లలు అదే దృశ్యం పదిసార్లు చూస్తే పదిసార్లు జరిగిందనుకుంటారు, ఫోన్లో వచ్చే యుద్ధం వీడియోలకీ ఇదే వర్తిస్తుంది. వరద చూసిన పిల్లలు వాన చప్పుడుకి ఉలిక్కిపడ్డట్టే, యుద్ధాన్నే కళ్లారా చూసొచ్చిన పిల్లలు దీపావళి టపాసులకి ఉలిక్కిపడతారు. ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడాగుతాయో ముందే చెప్పి, ఆ రాత్రి పక్కనే ఉండండి.

ఇక అన్నం, స్నానం, నిద్ర పాత వేళలకే. స్కూలు తెరవగానే పంపండి, మొదటి వారం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడాల్సొచ్చినా సరే.

నెల దాటినా నిద్ర లేకపోతే, తినకపోతే, ఆటలే మానేస్తే డాక్టర్‌కి చూపించండి. చచ్చిపోవడం గురించి మాట్లాడితే మాత్రం ఆ రోజే. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తప్పిపోయిన పిల్లలో, దిక్కులేనివాళ్లో కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. వాన చప్పుడుకి రాత్రంతా మేలుకొని గుమ్మం కింద తడి చూసుకునే పెద్దవాళ్లు కూడా ఆ 14416కే చేయొచ్చు.