జేఈఈ, సీయూఈటీ, ఐఏటీ: సిక్కోలు, విజయనగరం పిల్లలు ఎక్కడికి, ఎలా అప్లై చెయ్యాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మంచి ర్యాంకు తెచ్చుకునే పిల్లలకు కొరత లేదు. తీరా ర్యాంకు వచ్చాక సీటు చేజారేది ఎక్కువగా రెండు చోట్ల. ధ్రువపత్రం సరైన నమూనాలో ఉండదు, లేదా కౌన్సెలింగ్‌లో చాయిస్‌లు పెట్టిన వరస తప్పుతుంది. రెండూ చదువుతో సంబంధం లేనివే, ముందే చక్కబెట్టుకోగలిగినవే. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ముందు పరీక్షలు, తర్వాత కాలేజీలు

కాలేజీ పేర్లతో జాబితా మొదలుపెడితే పది పేర్లు రాసి ఆగిపోతారు. పరీక్షల పేర్లు రాసుకుని, ఒక్కోదాని కింద ఏయే సంస్థలు వస్తాయో వేసుకోండి.

ఎంపీసీ వాళ్లకు జేఈఈ మెయిన్ ఎలాగూ ఉంటుంది. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది, రెండింట్లో మెరుగైన స్కోరే లెక్క. దీనితో ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు వస్తాయి. పైనున్న రెండున్నర లక్షల మందికి ఐఐటీల కోసం అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం ఉంటుంది. మెయిన్‌ను తెలుగులో రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఫిజిక్స్, కెమిస్ట్రీ పదాలను ఇంగ్లిష్‌లో చదవడం మొదటి సంవత్సరం నుంచే అలవాటు చేసుకోవాలి. ఇంకొకటి: మెయిన్ తెలుగు పేపరు మన రెండు తెలుగు రాష్ట్రాల సెంటర్లలోనే ఇస్తారు. ఇచ్ఛాపురం పిల్లలు దగ్గర కదా అని ఒడిశాలోని బరంపురం సెంటర్ పెట్టుకుంటే తెలుగు పేపరు దొరకదు.

మన వైపు 'ట్రిపుల్ ఐటీ' అంటే ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో ఉన్న ఆర్జీయూకేటీ గుర్తొస్తుంది. అది పదో తరగతి మార్కులతో చేరే ఆరేళ్ల చదువు. ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో కనిపించే శ్రీసిటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీలు వేరు, వాటికి జేఈఈ ర్యాంకు కావాలి. ఒకదాని వెబ్‌సైటు చూసి రెండోదాని కోసం ఎదురుచూసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అందుకే చెప్పాల్సి వస్తోంది.

సైన్సు అంటే నిజంగా ఇష్టమున్న పిల్లలు మన జిల్లాల్లో పట్టించుకోని దారి ఐసర్, అంటే సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థలు. దేశంలో ఏడున్నాయి. అందులో ఒకటి తిరుపతిలో, ఇంకొకటి ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో. ఆమదాలవలస స్టేషన్‌లో రైలెక్కితే తిరుపతి కంటే బరంపురమే ఎంతో దగ్గర. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువుకు ఐఏటీ అనే పరీక్ష రాయాలి. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ నాలుగింట్లో 15 చొప్పున 60 ప్రశ్నలు, మూడు గంటలు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1, మొత్తం 240 మార్కులు. బైపీసీ వాళ్లూ రాయొచ్చు. మ్యాథ్స్ పూర్తిగా వదిలేసినా 180 మార్కులు చేతిలో ఉంటాయి. కానీ ఎంపీసీ వాళ్లతో కలిపి ఒకే ర్యాంకు జాబితా కాబట్టి, ప్రాబబిలిటీ, సెట్స్ లాంటి తేలిక చాప్టర్లు నాలుగైదు నేర్చుకుని నాలుగు ప్రశ్నలు పట్టినా చాలా తేడా వస్తుంది. ఎంపీసీ వాళ్లకు బయాలజీ విషయంలోనూ ఇదే లెక్క. నీట్ ఒక్కటే నమ్ముకుని కూర్చున్న పిల్లలు దీన్ని తప్పకుండా రాయాలని మా గట్టి అభిప్రాయం.

సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ వాళ్లకు సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఢిల్లీ, బెనారస్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలు దీనితోనే. అనంతపురంలోని సెంట్రల్ యూనివర్సిటీ, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఇందులో ఉన్నాయి. పేరులో గిరిజన అని ఉన్నా అందులో అందరూ చేరొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. లా చదవాలనుకునే వాళ్లకు క్లాట్, అంటే జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, హైదరాబాద్ నల్సార్ రెండూ అందులోనే. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు చాలా నెలల ముందే మొదలవుతాయి. ఇంటర్ పరీక్షలయ్యాక లా గురించి ఆలోచించే వాళ్లకు ఆ ఏడాది దాటిపోయినట్టే.

ఎన్ని రాయాలి? రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌తో కలిపి నాలుగు. మే నెలలో అడ్వాన్స్‌డ్, సీయూఈటీ, ఈఏపీసెట్ అన్నీ మీదపడతాయి. ఐఏటీ కూడా ఆ దగ్గర్లోనే. అంతకు మించితే ఏదీ సరిగ్గా చదవలేరు, ప్రయాణాలకే డబ్బులైపోతాయి.

సీయూఈటీలో సబ్జెక్టులు ఎంచుకోవడం

గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు రాయొచ్చు. ఒక్కోదానికి 50 ప్రశ్నలు, గంట సమయం, ఒప్పుకు 5, తప్పుకు మైనస్ 1. ఇంటర్‌లో చదవని సబ్జెక్టునూ పరీక్ష పెట్టేవాళ్లు ఒప్పుకుంటారు. యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఢిల్లీ యూనివర్సిటీ పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టులనే లెక్కలోకి తీసుకుంటుంది. ఎకనామిక్స్ ఆనర్స్‌కు మ్యాథ్స్ తప్పనిసరి, కాబట్టి సీఈసీ వాళ్లకు ఎంత స్కోరు వచ్చినా అది దొరకదు. ఎంఈసీ వాళ్లకు దొరుకుతుంది. అందుకే ముందు మూడు కోర్సులు అనుకోండి, ఆయా యూనివర్సిటీల అర్హత పేజీ తెరిచి అవి అడిగే పేపర్లు కాగితం మీద రాసుకోండి, అన్నింటికీ సరిపోయే ఐదు ఎంచుకోండి. ఫారం నింపేది ఆ తర్వాతే.

సీయూఈటీ ఫారంలో యూనివర్సిటీ పేరు పెట్టినంత మాత్రాన ఆ యూనివర్సిటీకి అప్లై చేసినట్టు కాదు. ఢిల్లీకి సీఎస్ఏఎస్ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి, మిగతా వాటికి వాటి పోర్టళ్లు ఉంటాయి. గడువు దాటితే ఎంత స్కోరైనా అక్కరకు రాదు.

కాగితాలు

మొదట పేరు. టెన్త్ మెమోలో 'పైడి రమ్య' అని ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో 'పి. రమ్య' అని ఉంటుంది. ఫారం అడిగేది టెన్త్ మెమోలో ఉన్న పేరే. ఆధార్‌తో అది కలవకపోతే అదనంగా హామీలు, తర్వాత వెరిఫికేషన్‌లో ప్రశ్నలు. మొదటి సంవత్సరం సెలవుల్లోనే ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం దిద్దించండి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ కూడా అప్పుడే చూసుకోండి.

రెండోది కుల ధ్రువపత్రం. సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర కాలేజీలకు సరిపోతుంది. కేంద్ర సంస్థలకు ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ) సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. రాష్ట్రం బీసీలుగా గుర్తించిన కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మన జిల్లాల్లోనూ అలాంటి కులాలున్నాయి. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైటులో ఆంధ్రప్రదేశ్ జాబితా తీసి మీ కులం పేరు, పక్కన రాసిన ప్రాంతం లేదా జిల్లా షరతు అక్షరం అక్షరం చూడండి. అందులో లేకపోతే జనరల్ కిందే అప్లై చెయ్యాలి. అప్పుడు ఆదాయం, భూమి షరతులకు లోబడి ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వాళ్ల) కోటాకు అర్హత ఉందేమో తహసీల్దార్ కార్యాలయంలో కనుక్కోండి. ఈ ఒక్క విషయం నవంబరులో తెలియడానికీ జూన్‌లో తెలియడానికీ చాలా తేడా.

జోసాకు ఓబీసీ-ఎన్‌సీఎల్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినవై ఉండాలి. నిరుడు తీసుకున్నది చెల్లదు. కాబట్టి నవంబరులో ఒకటి తీసుకున్నా ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ దరఖాస్తు పెట్టండి. మే నాటికి అందరూ ఒకేసారి వస్తారు, సంతకం ఆలస్యమవుతుంది.

నెట్ సెంటర్‌లో ఫారం నింపిస్తే అక్కడి వాళ్ల ఫోన్ నంబరు, మెయిల్ వాడనివ్వకండి. ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది, జూన్‌లో పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే ఆ ఫోన్ కావాలి. అమ్మ లేదా నాన్న దగ్గర ఎప్పుడూ ఉండే నంబరే ఇవ్వండి. అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డ్ నోటు పుస్తకంలో రాసి పెట్టండి.

హోం స్టేట్ ఎలా తేలుతుంది

ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. మనకు తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆ లాభం ఉంది. అయితే ఇక్కడ హోం స్టేట్ అంటే సొంతూరు కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో చదివారో అది. పాతపట్నం నుంచి పర్లాకిమిడికో, ఇచ్ఛాపురం నుంచి బరంపురానికో వెళ్లి ప్లస్ టూ చదివిన వాళ్లకు హోం స్టేట్ ఒడిశా అవుతుంది, వాళ్లకు రూర్కెలా ఎన్‌ఐటీలో లాభం. హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే తెలంగాణ, అంటే వరంగల్. ఈఏపీసెట్‌లో లోకల్ లెక్క దీనికి వేరు, అక్కడ వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు.

క్లోజింగ్ ర్యాంకులు చదవడం

జోసా సైటులో ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల పేజీ ఉంటుంది, అంటే ఆ సీటు దక్కిన మొదటి, చివరి ర్యాంకులు. సంవత్సరం, చివరి రౌండు, సంస్థ ఎంచుకోండి. వచ్చిన పట్టికలో మీకు సంబంధించిన వరసలే చూడండి. కోటా దగ్గర హెచ్‌ఎస్ అంటే హోం స్టేట్, ఓఎస్ అంటే ఇతర రాష్ట్రాలు, ఏఐ అంటే అందరికీ. ఐఐటీలు, ట్రిపుల్ ఐటీల్లో ఏఐ కనిపిస్తుంది. పక్కన కేటగిరీ, దాని పక్కన జెండర్. అమ్మాయిలు ఫిమేల్ ఓన్లీ వరస, జెండర్ న్యూట్రల్ వరస రెండూ చూడాలి, రెండింట్లోనూ వాళ్లకు అవకాశం ఉంటుంది.

ఓబీసీ-ఎన్‌సీఎల్, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ వరసల్లో ఉండేది కేటగిరీ ర్యాంకు. ఓబీసీ వరసలో 9,000 అని చూసి, తమ కామన్ ర్యాంకు 28,000తో పోల్చుకుని 'మనకు రాదులే' అని ఆ చాయిస్ తీసేస్తే చేతులారా సీటు పోగొట్టుకున్నట్టే. స్కోర్‌కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి, కేటగిరీ వరసను కేటగిరీ ర్యాంకుతోనే పోల్చాలి.

చాయిస్‌ల వరస

వరస మీ ఇష్టం ప్రకారమే పెట్టండి. వస్తుందా రాదా అన్నది చూసి పెట్టకండి.

కేటగిరీ ర్యాంకు 9,000 అనుకుందాం. మీకు బాగా కావాల్సిన బ్రాంచికి నిరుడు క్లోజింగ్ 7,500. రెండోది 9,200. మూడోది 14,000. మొదటిది పైన పెడితే రెండోది పోతుందేమోనని భయపడతారు. పోదు. కంప్యూటర్ మీ మొదటి చాయిస్ చూస్తుంది, ర్యాంకు సరిపోకపోతే రెండోదానికి వస్తుంది. అక్కడ పోటీ ర్యాంకుతోనే తేలుతుంది. దాన్ని ఒకటో నంబరుగా పెట్టుకున్న 10,000 ర్యాంకు వాళ్లు, రెండో నంబరుగా పెట్టిన మిమ్మల్ని దాటలేరు. పైన పెట్టినందువల్ల నష్టం సున్నా. తగ్గించి పెడితే మాత్రం, 14,000 ది మొదట వేసుకుంటే, 9,200 ది మీకు వచ్చే అవకాశమున్నా ఎప్పటికీ రాదు.

నిరుటి క్లోజింగ్ మీకంటే బాగా ముందున్నవి, అటూ ఇటూగా ఉన్నవి, తేలిగ్గా వచ్చేవి మూడు రకాలూ జాబితాలో ఉండాలి. చివరి రకం తక్కువ కాకుండా చూసుకోండి. సీటిచ్చినా చేరమని ఇంట్లో అందరూ అనుకున్నదాన్ని మాత్రం అసలు పెట్టొద్దు.

సీటు వచ్చాక ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్ అని అడుగుతారు. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. స్లైడ్ అంటే అదే కాలేజీలో పై చాయిస్ బ్రాంచి కావాలి. ఫ్లోట్ అంటే ఏ కాలేజీ అయినా జాబితాలో పైనున్నది కావాలి. పైది వస్తే కిందిది తిరిగి రాదు. వరస నిజంగా మీ ఇష్టం ప్రకారమే ఉంటే ఫ్లోట్‌కు భయపడక్కర్లేదు. ఈఏపీసెట్ తర్వాతి విడతలో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడూ ఇంతే, చేతిలో ఉన్న సీటు కంటే మంచివి అనుకున్నవే పెట్టాలి.

ఖర్చు

ఫీజు చూసి ముందే వెనక్కి తగ్గొద్దు. ఐఐటీల్లో ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, ఎన్‌ఐటీల్లో లక్షా పాతిక వేలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, కుటుంబ ఆదాయం లక్షలోపు ఉన్న వాళ్లకు ట్యూషన్ ఫీజు పూర్తిగా ఉండదు. లక్ష నుంచి ఐదు లక్షలలోపు వాళ్లకు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. హాస్టల్, మెస్ మాత్రం కట్టాల్సిందే. దీనికి ఆదాయ ధ్రువపత్రం కావాలి, కులం సర్టిఫికెట్‌తో పాటే తీసుకోండి. రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు.

కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికైన సంస్థల్లో సీటు వస్తే హామీ, పూచీకత్తు లేకుండా బ్యాంకు లోను ఇస్తుంది. ఆదాయం 8 లక్షలలోపు ఉంటే 10 లక్షల లోను వరకు వడ్డీలో 3 శాతం రాయితీ. పొలం తాకట్టు పెట్టే ముందు ఇది చూడండి.

సీటు వచ్చిన వారం

జోసాలో సీటు రాగానే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, కాగితాలు అప్‌లోడ్ చెయ్యాలి. తర్వాత వెరిఫికేషన్ అధికారి క్వెరీ వేయొచ్చు: స్కాన్ సరిగా కనపడట్లేదు, తేదీ పాతది, నమూనా వేరు. గడువులోగా జవాబివ్వకపోతే సీటు రద్దు. ఫోన్‌కు మెసేజ్ వస్తుందిలే అని ఊరుకోవద్దు, ఆ రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లాగిన్ అయి చూడండి. కాగితాలన్నీ ముందే ఫోన్ కెమెరాతో కాకుండా స్కానర్‌లో తీసి, ఒక్కోదానికి పేరు పెట్టి మెయిల్‌లో దాచుకోండి. క్వెరీ శనివారం సాయంత్రం వస్తే, తహసీల్దార్ కార్యాలయం తెరిచేది సోమవారమే.