చెన్నైలో కారు లేకుండా తిరగాలంటే రూమ్ ఎక్కడ? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చెన్నైకి రైల్లో వెళ్లి, మూడు నాలుగు రోజులు మెట్రో, లోకల్ రైళ్లు, సిటీ బస్సుల్లోనే తిరిగి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేము విజయవాడ నుంచి దాదాపు ఏటా వెళ్తాం, ఎక్కువసార్లు అమ్మ కూడా వస్తుంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అందుకే రూమ్ నుంచి స్టేషన్‌కి ఎన్ని అడుగులన్నది మాకు చాలా పెద్ద విషయం. మాకు ఎదురైనవి, తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఒక్కొక్కటిగా చెప్తాను.

సమస్య: రూమ్ చవకగానే దొరికింది, కానీ రోజూ ఆటోలకే డబ్బంతా పోతోంది

కారణం చాలాసార్లు ఒక్కటే, అడ్రస్‌లో రోడ్డు పేరు చూసి బుక్ చేసేస్తాం. మొదటిసారి నేనూ అదే చేశాను. "పూనమల్లి హై రోడ్డు" అని ఉంది, సెంట్రల్ స్టేషన్ ముందు నుంచి వెళ్లే రోడ్డు అదే కదా, 950 రూపాయలకి ఏసీ రూమ్ అంటే వదులుతామా, వెంటనే కట్టేశాను. తీరా దిగి చూస్తే లాడ్జి కోయంబేడు కూడా దాటి మదురవాయల్ దగ్గర ఉంది. ఆ రోడ్డు సెంట్రల్ దగ్గర మొదలై పడమరగా పూనమల్లి ఊరి దాకా పోతుంది మరి. అక్కడి నుంచి మెరీనాకి, మైలాపూర్‌కి పిల్లలతో రోజూ ఆటోలో వెళ్లి వచ్చేసరికి రూమ్ అద్దెతో సమానంగా ఖర్చయింది. మౌంట్ రోడ్డు, అంటే అన్నా సాలై, అదీ ఇంతే. సెయింట్ జార్జ్ కోట వైపు నుంచి గిండీ దాకా పోతుంది, దాని మీద ఉన్న ప్రతి లాడ్జీ ఊరి మధ్యలో ఉందని యాప్ రాసేస్తుంది. జీఎస్టీ రోడ్డు (తాంబరం వైపు పోయే గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు), ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అని ఉంటే మాత్రం ఆలోచించకుండా పక్కన పెట్టేయండి.

పరిష్కారం: రోడ్డు పేరు వదిలేసి పిన్ కోడ్ చూడండి. ఎగ్మోర్ 600008, సెంట్రల్ పక్కనున్న పార్క్ టౌన్ 600003, ట్రిప్లికేన్ 600005, మైలాపూర్ 600004, టీ నగర్ 600017. ఇంకాస్త తక్కువలో కావాలంటే సెంట్రల్‌కి ఉత్తరంగా వేపేరి 600007, షావుకారుపేట 600079 కూడా చూడొచ్చు. నేను కట్టిన ఆ రూమ్ పిన్ 600095, అది చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఇంకో లెక్క కూడా వేసుకోండి. రూమ్ అద్దెకి రోజువారీ ఆటో ఖర్చు కలిపి పోల్చండి. స్టేషన్ పక్కన 1500 రూపాయల రూమ్ చాలాసార్లు దూరంగా ఉన్న 900 రూపాయల రూమ్ కన్నా చవకే పడుతుంది.

సమస్య: "మెట్రోకి దగ్గర" అన్నారు, నడిస్తే కాళ్లు పడిపోతున్నాయి

యాప్ చూపించే దూరం గీత గీసినట్టు కొలిచింది. మధ్యలో కూవం నది ఉందా, రైలు పట్టాలున్నాయా, రోడ్డు ఎక్కడ దాటాలి, ఇవేవీ అందులో ఉండవు. బుక్ చేసే ముందు మ్యాప్‌లో లాడ్జి నుంచి స్టేషన్ గేటు దాకా నడక దారి పెట్టి చూడండి. పది నిమిషాలు దాటితే, సామాన్లతో, పెద్దవాళ్లతో, ఆ ఎండలో అది ఇరవై నిమిషాలని అనుకోండి.

టీ నగర్ విషయంలో ఇది ఎక్కువగా జరుగుతుంది. బట్టలు, బంగారం కొనడానికి వెళ్లేవాళ్లంతా అక్కడే రూమ్ తీసుకుంటారు. బజారేమో పానగల్ పార్క్, రంగనాథన్ స్ట్రీట్ వైపు, మెట్రో స్టేషన్లేమో అన్నా సాలై మీద తేనాంపేట, నందనం దగ్గర. టీ నగరే కావాలంటే మెట్రో మాట మర్చిపోయి మాంబళం లోకల్ స్టేషన్‌కి దగ్గరగా తీసుకోండి. 2023లో స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండ్ దాకా స్కైవాక్ కట్టారు కాబట్టి రంగనాథన్ స్ట్రీట్ జనంలో సూట్‌కేసులు మోయాల్సిన పని లేదు.

సమస్య: ఏ ఏరియా అన్నది అసలు తేల్చుకోలేకపోతున్నాం

మొదటిసారి, కుటుంబంతో అయితే నా మాట విని ఎగ్మోర్ తీసుకోండి. స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డు, దాని పక్కనే కెన్నెట్ లేన్, అన్నీ లాడ్జీలే, కింద ఇడ్లీ దొరికే హోటళ్లు. మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే సెంట్రల్, అక్కడ లైను మారితే ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లొచ్చు. లోకల్ రైల్లో ఒక్క స్టాప్ పార్క్ స్టేషన్, దాని దగ్గరే పార్క్ టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ అనే ఇంకో లోకల్ లైను రైలెక్కితే తిరువళ్లిక్కేణి (ట్రిప్లికేన్), లైట్ హౌస్, తిరుమయిలై (మైలాపూర్) వరసగా వస్తాయి, అంటే పార్థసారథి స్వామి గుడి, మెరీనా, కపాలీశ్వరుడి గుడి మూడూ ఒకే లైన్లో. ఆ స్టేషన్లు మాత్రం బాగా ఎత్తులో ఉంటాయి, మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బస్సే మేలు. మామూలు ఛార్జీ సిటీ బస్సుల్లో 2021 మే నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు.

ఎగ్మోర్‌లో ఉంటే ఇంకో లాభం ఉంది, పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. మా పక్కనే ఉన్న అమరావతి నుంచి అంత దూరం వెళ్లిన ఆ సున్నపురాతి పలకల ముందు నిలబడితే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది, పిల్లలకి తప్పకుండా చూపించండి. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

సమస్య: ట్రిప్లికేన్‌లో చవక అన్నారు, వెళ్తే కుటుంబానికి ఇవ్వం అన్నారు

అక్కడ "మాన్షన్" అని బోర్డు ఉన్నవి చాలావరకు మగవాళ్లు నెలల తరబడి ఉండే గదులు. ఒక్కరే వెళ్లే కుర్రాళ్లకి బాగుంటాయి, కొన్ని రోజు లెక్కన కూడా ఇస్తారు, బాత్రూమ్ చాలాచోట్ల ఉమ్మడి. కుటుంబంతో వెళ్తే పేరులో మాన్షన్ ఉన్నదానికి ముందే ఫోన్ చేసి "ఫ్యామిలీకి ఇస్తారా, అటాచ్డ్ బాత్రూమేనా" అని అడగండి. యాప్‌లో డబ్బు కట్టాక కూడా అదే రోజు లాడ్జికి నేరుగా ఫోన్ చేసి బుకింగ్ వచ్చిందో లేదో కనుక్కోండి. ఒకసారి రాత్రి పదింటికి కౌంటర్లో "మీ బుకింగ్ మాకు రాలేదు సార్" అన్నప్పుడు అమ్మని రిసెప్షన్ కుర్చీలో కూర్చోబెట్టి నేను వీధి వీధీ తిరిగాను, ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

సమస్య: తెల్లవారుజామున దిగాం, మధ్యాహ్నం 12 దాకా రూమ్ లేదంటున్నారు

మన వైపు నుంచి రాత్రి రైళ్లలో వెళ్తే ఇది ఖాయం. పెద్ద హోటళ్లకి మధ్యాహ్నం చెక్ ఇన్ ఉంటుంది, కానీ ఎగ్మోర్, ట్రిప్లికేన్ పాత లాడ్జీల్లో చాలావాటికి ఇప్పటికీ 24 గంటల చెక్ అవుట్ పద్ధతే, పొద్దున 5కి దిగితే మర్నాడు 5 దాకా మనదే. ఫోన్లో మొదటి ప్రశ్న ఇదే వేయండి. లేదంటే స్టేషన్ రిటైరింగ్ రూమ్. కన్‌ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ అవుతుంది, 48 గంటల కన్నా ఎక్కువ ఇవ్వరు, త్వరగా అయిపోతాయి కాబట్టి టికెట్ కన్‌ఫర్మ్ అయిన రోజే చూడండి.

సమస్య: సెంట్రల్ పక్కన రూమ్ తీసుకున్నాం, దిగింది ఇంకెక్కడో

కారణం, టికెట్ మీద దిగే స్టేషన్ పేరు సరిగా చదవకపోవడం. హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఊరికి దక్షిణాన ఉన్న తాంబరం దాకా వెళ్తుంది, కాకినాడ సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మోర్ మీదుగా చెంగల్పట్టు వెళ్తుంది. బస్సులో అయితే ఇంకో వైపు, 2018లో మాధవరం బస్ టెర్మినల్ తెరిచాక ఆంధ్రా బస్సులు అక్కడి నుంచి నడుస్తున్నాయి, అది ఊరికి ఉత్తరపు అంచు. అక్కడ దిగి సిటీ బస్సులో సెంట్రల్ రావాలి. ఆ ఒక్క రోజుకి ఎక్స్‌ట్రా గంట వేసుకోండి.

సమస్య: చూపించిన రేటు ఒకటి, బిల్లు ఇంకొకటి

జీఎస్టీ కలిపి చూపించలేదు, అంతే. 2022 జూలై నుంచి వెయ్యి లోపు రూమ్‌కి కూడా పన్ను ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7500 దాకా ఉన్న రూమ్‌లకి అది 5 శాతం. అంతకన్నా ఎక్కువ వేస్తే అడగండి. ఎక్స్‌ట్రా బెడ్‌కి ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

సమస్య: రాత్రంతా హారన్లు, నిద్ర లేదు

స్టేషన్ ఎదుటి లాడ్జిలో రోడ్డు వైపు గది ఇచ్చారు. వెనక వైపు, పై అంతస్తు అడగండి, లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి. కిటికీ గాలి వచ్చే వైపు తెరుచుకుంటుందో, పక్క గోడకి ఎదురుగా తెరుచుకుంటుందో గది చూశాకే డబ్బు కట్టండి.

సమస్య: ఎక్కడ అడిగినా ఖాళీ లేదు

డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా మైలాపూర్ వైపు సంగీత కచేరీలు, ఎగ్మోర్ వైపు శబరిమల వెళ్లివచ్చే స్వాములు. చెపాక్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు ట్రిప్లికేన్ గురించి ఆలోచించొద్దు. ఆ రోజుల్లోనే వెళ్లక తప్పదంటే ఎగ్మోర్ మీదుగా వెళ్లే గ్రీన్ లైన్ మెట్రో స్టేషన్లు ఒక్కొక్కటీ తీసుకుని, షెనాయ్ నగర్, అన్నా నగర్ టవర్, వడపళని, ఏ గేటు నుంచైనా ఐదు నిమిషాల నడకలో ఏముందో మ్యాప్‌లో వెతకండి. పోయిన డిసెంబర్‌లో మాకు వడపళనిలో అలాగే దొరికింది, గుడి పక్క వీధిలో, రోజూ పొద్దున్నే అమ్మ ఒక్కతే మురుగన్ దర్శనానికి నడిచి వెళ్లి వచ్చేది.