‘ది ఇన్నోసెంట్స్’ ఎలా చూడాలి?

1961లో జాక్ క్లేటన్ తీసిన ఈ బ్రిటిష్ దెయ్యాల బంగళా సినిమాను రాత్రిపూట, దీపాలన్నీ ఆర్పేసి చూడండి. గదిలో వెలుతురుంటే తెర అంచుల్లోని చీకటి చచ్చిపోతుంది; నా దృష్టిలో అసలు భయమంతా అక్కడే ఉంది. ఆ అంచులు నల్లబడాలనే ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ కెమెరా ఫిల్టర్లకు రంగు పూశారు. అందుకే టీవీలో బొమ్మను పెద్దది చేయకండి. పైనా కిందా నల్లటి పట్టీలు కనిపించినా ఫరవాలేదు, సినిమాస్కోప్ వెడల్పు పూర్తిగా ఉండాలి.

మొదట్లో తెర నల్లగానే ఉండి పాట మాత్రం వినిపిస్తుంది. ముందుకు జరపకండి.

కథ ముందే చదవవద్దు. సరస్సు దగ్గర, రెల్లు నడుమ నల్లదుస్తుల స్త్రీ నిలబడిన దృశ్యం వచ్చినప్పుడు ఒక్క క్షణం కూడా చూపు తిప్పకండి. పట్టపగలు, దూరాన, కదలకుండా ఉన్న మనిషి! ఇంతకన్నా భయంకరమైన దెయ్యాన్ని నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

రెండోసారి చూసేటప్పుడు దెయ్యాలను వదిలేసి బంగళాలో పిల్లలను చూసుకునే గవర్నెస్‌గా నటించిన డెబొరా కెర్ ముఖాన్నే గమనించండి. ఆమె ముందు భయపడిందా, ముందు మనకు దెయ్యం కనబడిందా అన్నది ప్రతిసారీ సరిచూసుకోండి. అప్పుడు పిల్లల మీద మీ అనుమానం ఆమె మీదికి మళ్లుతుంది.