పైరు పచ్చగా ఉన్నా సీసం నేలను వదలడం లేదా? మెట్ట నేలల శుద్ధిలో సమస్యలు - పరిష్కారాలు

పటాన్‌చెరు - బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అక్కడి పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ వంటివి సహజ స్థాయిని మించి ఉన్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఇటువంటి వర్షాధార నేలల్లో లోహాన్ని వేళ్లతో లాగేయడానికి ఆవ, పొద్దుతిరుగుడు, వట్టివేరు మొక్కలతోనూ, వేళ్లలో కాపురముండి మొక్కకు తోడ్పడే వేరు శిలీంధ్రాలతోనూ (వీటినే వ్యామ్ అంటారు), చమురు పడిన చోట పుట్టగొడుగు బూజుతోనూ శుద్ధి చేపట్టినవారి కోసం ఇది రాస్తున్నాను. విత్తడం, తడి ఇవ్వడం, మట్టి నమూనా తీయడం మీకు తెలుసునన్న నమ్మకంతో వాటి జోలికి వెళ్లడం లేదు.

మొలకెత్తాక ఆకు అంచులు మాడిపోతుంటే

ఇది కనిపించగానే నేలలో విషం ఎక్కువైందని తేల్చేసి, వేలు ఖర్చయ్యే లోహ పరీక్షలకు పరుగెత్తుతారు. దయచేసి ముందు ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూడండి. ఏ భూసార పరీక్షా కేంద్రంలోనైనా చేసే ఈ రెండు పరీక్షలను వదిలేయడం నేను తరచూ చూసే పొరపాటు. సంతృప్త మట్టి ద్రావణంలో ఈసీ మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే అది పాలచౌడు (ఉప్పు నేల), పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు (క్షార నేల) అయ్యే అవకాశం ఎక్కువ. కారుచౌడుకు పరీక్షా కేంద్రం చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి. పాలచౌడును మామూలు పొలంలో మంచి నీరు నిలగట్టి కడుగుతాం గాని, కలుషిత నేలలో అలా చేస్తే ఉప్పుతోపాటు ఆర్సెనిక్ వంటివి కూడా భూగర్భ జలంలోకి దిగుతాయి. కాబట్టి అక్కడ ఉప్పును తట్టుకునే వట్టివేరు వంటి మొక్కకు మారడమే మంచిది.

పైరు ఏపుగా ఉన్నా నేలలో సీసం తగ్గకపోతే

అన్నిటికంటే ఎక్కువ కాలాన్ని, డబ్బును మింగే సమస్య ఇది, ఎందుకంటే పైరును చూసి దీన్ని కనిపెట్టలేం. మొక్కలు నిగనిగలాడుతుంటాయి, ఆకుల్లో సీసం మాత్రం నామమాత్రంగా ఉంటుంది, కొని వేసిన వ్యామ్ శిలీంధ్రం జాడ వేళ్లలో కనబడదు. ఇటువంటి పొలాల్లో నాకు ఎక్కువసార్లు కనిపించిన కారణం, ఆఖరి దుక్కిలో అలవాటు కొద్దీ చల్లిన డీఏపీ.

డీఏపీలో భాస్వరం (P2O5 లెక్కన) 46 శాతం. అది రెండు వైపుల నుంచి పనిని చెడగొడుతుంది. నేలలోని సీసం ఫాస్ఫేటుతో కలిసి, పైరోమార్ఫైట్ అనే, నీటిలో దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. ఇక వేరు శిలీంధ్రం మొక్కకు చేసే ముఖ్యమైన సేవ భాస్వరాన్ని అందించడమే కనుక, అది నేలలోనే దండిగా దొరికినప్పుడు మొక్క ఆ శిలీంధ్రానికి తన వేళ్లలో పెద్దగా చోటివ్వదు. "మేము డీఏపీ వేయలేదండీ" అనేవారు చాలాసార్లు కోళ్ల ఎరువు వేసి ఉంటారు, అందులోనూ భాస్వరం ఎక్కువే. అందుకే నేను మాట మీద ఆధారపడకుండా, ఓల్సెన్ పద్ధతిలో లభ్య భాస్వరం (మొక్కకు అందే భాస్వరం) పరీక్ష చేయించమంటాను. మూలక భాస్వరం (P) లెక్కన హెక్టారుకు 25 కిలోలు దాటితే భాస్వరం ఎక్కువగా ఉన్నట్టే.

వేళ్లను కూడా చూడండి. సన్నని పిల్లవేళ్లను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేసి, పలుచని ఆమ్లంతో కడిగి, ట్రిపాన్ బ్లూ రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, శిలీంధ్రం పట్టిన వేరులో కణాల నడుమ నీలి పోగులు, గుండ్రని తిత్తులు కనిపిస్తాయి. ఈ పరీక్షకు పొద్దుతిరుగుడు లేదా వట్టివేరు తీసుకోవాలి. ఆవ కుటుంబపు మొక్కల్లో ఈ శిలీంధ్రం సహజంగానే కాపురం పెట్టదు కాబట్టి ఆవ పైరుకు వ్యామ్ కొనడం వృథా.

భాస్వరం ఇంకా వేయకపోతే పరిష్కారం సులువు: నత్రజనిని యూరియా రూపంలో మాత్రమే ఇచ్చి, భాస్వరపు ఎరువులన్నిటినీ మానేయాలి. ఇప్పటికే వేసి ఉంటే దాన్ని వెనక్కి తీయలేం. అప్పుడు కొందరు సీసాన్ని కరిగించడానికి ఈడీటీఏ పోయమని సలహా ఇస్తారు. వినకండి, ఆ రసాయనం త్వరగా విచ్ఛిన్నం కాదు, కరిగించిన సీసాన్ని బావి నీటి దాకా తీసుకుపోగలదు. సీసం ఎలాగూ వేరును దాటి ఆకులోకి ఎక్కడానికి మొండికేసే లోహం కనుక, లాగేసే లక్ష్యాన్ని వదిలి, వట్టివేరుతో నేలను కప్పి దుమ్ము లేవకుండా, మట్టి కొట్టుకుపోకుండా ఆపడమే నా దృష్టిలో సరైన దారి. అయితే ఆర్సెనిక్ కూడా ఉన్న నేలలో సీసాన్ని బంధించడానికని మరింత ఫాస్ఫేటు వేయకూడదు, ఎందుకంటే ఫాస్ఫేటు మట్టి రేణువులపై ఆర్సెనిక్ స్థానాన్ని ఆక్రమించి దాన్ని నీటిలోకి తోసేస్తుంది.

ఆకుల్లో లోహం ఎక్కువగా తేలినా నేల నివేదిక మారకపోతే

ముందు అనుమానించాల్సింది ఆకుపై పేరుకున్న దుమ్మును. ఎండాకాలపు గాలులకు కలుషిత మట్టే లేచి ఆకులపై పడుతుంది, ప్రయోగశాల దాన్నీ కలిపి లెక్కిస్తుంది. ఆకులను కుళాయి నీటితో, తరువాత స్వేదన జలంతో కడిగి, ఆరబెట్టి పంపండి.

చమురు పడిన మట్టిలో పుట్టగొడుగు బూజు ఆగిపోతే

ముందు చూడాల్సింది తేమ చాలిందా అని. ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం కలిపిన గడ్డిని మట్టిలో వేసినప్పుడు పైన తడి గోనె, నీడ తప్పనిసరి. ఈ బూజు చమురును విచ్ఛిన్నం చేయగలదు గాని లోహాన్ని మాయం చేయలేదు.

పురుగులు, తెగుళ్లు, నాసిరకం విత్తనం అరుదైన కారణాలు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి రండి. కోసిన పైరును పశువులకు వేయకండి, ఆవాలను గానుగకు పంపకండి, చెత్తతో కలిపి తగలబెట్టకండి. ఎండబెట్టి సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్న కేంద్రానికే అప్పగించండి.